మొదటి లెక్కే తప్పు: ఫోనాలజీ అభ్యాసాలతో నా అనుభవం

ఫోనాలజీ అంటే ఒక భాషలో ధ్వనులు ఏ పద్ధతిలో నడుస్తాయో చెప్పే శాస్త్రం. దాని మీద ఒక పుస్తకం రెండుసార్లు చదివాను. ఫోనీమ్ (మాట అర్థాన్ని మార్చగల ధ్వని) అంటే ఏమిటి, అల్లోఫోన్ (ఒకే ఫోనీమ్ చోటుని బట్టి వేరుగా వినిపించే రూపం) అంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలననే ధైర్యం వచ్చింది. అప్పుడు అధ్యాయం చివర ఉన్న మొదటి అభ్యాసం ముందేసుకుని కూర్చున్నాను. అరగంట గడిచాక కాగితం మీద ఉన్నవి రెండే: పైన తేదీ, కింద ఏదో ఆలోచిస్తూ గీసిన చెట్టు బొమ్మ.

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. రాసినదాన్ని కంప్యూటర్ చేత పైకి చదివించే పనిలో ఉన్నాను. మా యంత్రం ‘చలి’ అనే మాటని ‘చక్రం’లో ఉన్న చ తోనే పలికేది. వింటుంటే ఎక్కడో తేడా కొట్టేది. ‘చలి’ అనేటప్పుడు నాలుక పై పళ్ళ వెనక తగులుతుంది, దాదాపు ‘త్స’ అన్నట్టు. ‘చక్రం’ అనేటప్పుడు అంతకంటే వెనక్కి, అంగిలి దగ్గరికి జరుగుతుంది. మన పాత వ్యాకరణాలు మొదటిదాన్ని దంత్యమనీ రెండోదాన్ని తాలవ్యమనీ ఎప్పుడో చెప్పాయి. “ఏ మాటలో ఏ చ వస్తుందో ఒక నియమం రాసివ్వు, నీకు తెలుగు బాగా వచ్చు కదా” అన్నారు టీమ్‌లో. సరే అన్నాను. వారం రోజులు తల పట్టుకున్నాను. ఏ మాట అడిగినా పలికి చూపించగలను, ఎందుకలా పలుకుతున్నానో మాత్రం చెప్పలేను.

భాషాశాస్త్రం చదివిన ఒక అక్క పరిచయం ఉంది. ఫోన్ చేసి, ఏదైనా మంచి పుస్తకం చెప్పమన్నాను.

“పుస్తకం సరే, లెక్కలు చేస్తావా?” అంది.

“లెక్కలేంటక్కా?”

“ఫోనాలజీ చదివితే రాదురా. చేస్తే వస్తుంది. వారానికి నాలుగు లెక్కలు చెయ్, ఆదివారం మాట్లాడుకుందాం.”

ఆమె లెక్కలు అనేవే పుస్తకంలోని అభ్యాసాలు. ఎప్పుడూ వినని భాష నుంచి పదో పదిహేనో మాటలు ఇస్తారు, పలికినది పలికినట్టుగా, అర్థాలతో సహా. వాటిలో రెండు ధ్వనులు చూపించి, ఈ భాషలో ఇవి వేర్వేరు ఫోనీమ్‌లా, లేక ఒకే ఫోనీమ్ రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తోందా అని అడుగుతారు. మనవాళ్ళు ఫోనీమ్‌ని వర్ణం అంటారు. ఆ భాష మనకి రావాల్సిన పనిలేదు. రాకపోతేనే మంచిదని తర్వాత అర్థమైంది.

నన్ను చెట్టు బొమ్మ గీయించిన ఆ మొదటి లెక్క కొరియన్‌ది. ర, ల గురించి. సరమ్ అంటే మనిషి, నర అంటే దేశం, తరి అంటే కాలు. ముల్ అంటే నీళ్ళు, మల్ అంటే గుర్రం, పల్ అంటే పాదం, ఇల్గొప్ అంటే ఏడు. ఇంతే. మర్నాడు నేను రాసిన జవాబు ఇది: “ర, ల రెండూ వేర్వేరు ఫోనీమ్‌లు. ఎందుకంటే అవి వేరు.” నిజంగా ఇదే రాశాను. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది.

“ఎందుకు వేరు?” అంది అక్క.

“వేరే కదక్కా. వేరు అంటే చెట్టుది, వేలు అంటే చేతిది. ర తీసి ల పెడితే అర్థమే మారిపోయింది.”

“అది తెలుగు. నీకిచ్చిన మాటల్లో అలాంటి జంట ఒక్కటి చూపించు.”

వెతికాను. లేదు.

“కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయి. ఎడమ పక్క ర వచ్చిన ప్రతి చోటూ రాయి. దానికి ముందు ఏ ధ్వని, తర్వాత ఏ ధ్వని. కుడి పక్క ల కి కూడా అలాగే.”

రాశాను. ర వచ్చిన మూడు చోట్లా రెండు పక్కలా అచ్చులే. ల వచ్చిన నాలుగు చోట్లలో మూడు మాట చివర, ఒకటి హల్లుకి ముందు. ర ఉన్న చోట ల లేదు, ల ఉన్న చోట ర లేదు. రెండూ ఒకే ఇంట్లో వంతులవారీగా ఉంటున్నట్టు. అప్పుడు అక్క ఇంకో మాట చెప్పింది. కొరియన్‌లో కర్తని చూపించడానికి హల్లుతో ముగిసే మాటకి ‘ఇ’ చేరుస్తారట. నీళ్ళు అనే ‘ముల్’ కి ‘ఇ’ చేరితే ‘మురి’ అవుతుంది.

“ఇప్పుడు చెప్పు, ల ఎక్కడికి పోయింది?”

ఎక్కడికీ పోలేదు. అచ్చుల మధ్యలో పడి ర గా వినిపిస్తోంది, అంతే. కొరియన్లు ఆ రెండింటినీ ఒకే అక్షరంతో రాస్తారని అప్పుడు చెప్పింది. ముందే చెబితే లెక్క చెడిపోతుందని ఊరుకుందట.

ఆ నిలువు గీత చాలా చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నాకు అది అలవాటు కావడానికి నెల పట్టింది. మాటలు చూడగానే చెవి తీర్పు చెప్పేస్తుంది, చెయ్యి జవాబు రాసేస్తుంది. పట్టిక వేయకుండా జవాబు రాయకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. రెండో షరతు ఇంకా కష్టం: పట్టికలో మొత్తం మాట రాయకూడదు, ఆ ధ్వనికి అటూ ఇటూ ఉన్నవి మాత్రమే రాయాలి. మాట కళ్ళ ముందు ఉంటే అర్థం వైపు మనసు పోతుంది.

కొరియన్ లెక్కలో లేని తేడాని ఉందనుకున్నాను. ఇంగ్లీష్ లెక్కల్లో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. ద్రాక్ష తీగని, ద్రాక్షసారాయిని చెప్పే రెండు ఇంగ్లీష్ మాటలు ఉన్నాయి. నేను రెండిటినీ ‘వైన్’ అనే అంటాను. మొదటిదాంట్లో పై పళ్ళు కింది పెదవికి ఆనాలి, రెండోదాంట్లో పెదవులు రెండూ సున్నా చుట్టాలి. ఇంగ్లీష్ వాళ్ళకి ఇవి వేరు–వేలు ఎంత వేరో అంత వేరు. నేను రెండూ ఒకటే అని రాశాను. రికార్డింగులు వింటే నిజంగానే ఒకేలా వినిపించాయి. పదిహేనేళ్ళకు పైగా ఇంగ్లీష్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఈ సంగతి తెలియకుండానే గడిచిపోయింది. అద్దం ముందు నిలబడి పెదవులు చూసుకుంటూ పలికాక గానీ తేడా ఎక్కడుందో దొరకలేదు. ఇప్పటికీ వేగంగా మాట్లాడితే రెండూ వ లోనే కలిసిపోతాయి. అదేం నామోషీ కాదంది అక్క. నీ భాషలో ఆ పని లేదు కాబట్టి నీ చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది అంది.

‘సింగ్’ లెక్క ఇంకా ఇబ్బంది పెట్టింది. పాడు అనే అర్థమున్న ఆ ఇంగ్లీష్ మాటలో ఎన్ని ఫోనీమ్‌లు? నాలుగు అన్నాను: స, ఇ, న, గ. జవాబు మూడు. చివర ఉన్నది ఒకే ధ్వని, మన ఙ. గ అసలు పలకరు. నేను మాత్రం గ ని గట్టిగా పలికే మనిషిని కాబట్టి నాకు నాలుగు వినిపించాయి. పాపం అనే అర్థమున్న ‘సిన్’ తో జంట కడితే న, ఙ తేడాతోనే అర్థం మారుతోంది. అంటే ఇంగ్లీష్‌లో ఙ సొంత హోదా ఉన్న ఫోనీమ్.

“తెలుగులోనో?” అంది అక్క.

వర్ణమాలలో ఉంది కదా, ఫోనీమే అన్నాను. పట్టిక వేయమంది. అంకె, కంచె, పంట, పంది, పంపు. అన్నిట్లో రాసేది ఒకే సున్న. ఒక్కో మాటా మెల్లగా పలుకుతూ నాలుక ఎక్కడుందో చూసుకున్నాను. అంకెలో నాలుక వెనక భాగం లేచింది, కంచెలో మధ్య భాగం, పంటలో కొన వెనక్కి మడిచి, పందిలో కొన పళ్ళ మీద, పంపులో నాలుకకి పనే లేదు, పెదవులే మూసుకున్నాయి. తర్వాత వచ్చే హల్లు ఎక్కడుందో సున్న ముందే అక్కడికి వెళ్ళి కూర్చుంటోంది. న, మ, ణ ల సంగతి వేరు, అవి అచ్చుల మధ్య కూడా వచ్చి అర్థాన్ని మారుస్తాయి. ఙ మాత్రం మన సొంత మాటల్లో క, గ ల ముందు తప్ప కనిపించదు. చిన్నప్పుడు వర్ణమాల వల్లె వేస్తూ ఙ, ఞ దగ్గర ‘వీటితో మాటలేం లేవా’ అని అందరికీ వచ్చే అనుమానం నాకూ వచ్చింది. ఆ అనుమానానికి జవాబు ఈ పట్టికలో ఉంది.

మన వర్ణమాల మీద నాకు గౌరవం ఈ లెక్కలు చేశాకే పెరిగింది. క నుంచి మ దాకా ఉన్న ఆ పాతిక గళ్ళలో అడ్డ వరసంతా ఒకే చోట పుట్టేవి, నిలువు వరసంతా ఒకే తీరున పలికేవి. ‘సరళాలు’ అనగానే గ జ డ ద బ లు గుంపుగా కళ్ళ ముందుకొస్తాయి. వేరే భాషల వాళ్ళు నానా తంటాలు పడి బట్టీ పట్టే గుంపులు మనకి ఊరికే దొరికాయి. అయితే అదే వర్ణమాల నన్ను ఎలా ముంచిందో కూడా చెప్పాలి.

టర్కిష్ లెక్క. బహువచనానికి కొన్ని మాటలకి ‘లెర్’, కొన్నిటికి ‘లార్’ చేరుతుంది. ఏది ఎప్పుడు? ఇల్లు ‘ఎవ్’, ఇళ్ళు ‘ఎవ్లెర్’. గుర్రం ‘అత్’, గుర్రాలు ‘అత్లార్’. బాగానే నడుస్తోంది. ఐపీఏ గుర్తులు విసుగ్గా ఉన్నాయని నేను అన్నిటినీ తెలుగు లిపిలో ఎక్కించుకుని చేస్తున్నాను. అంతర్జాతీయ ధ్వని లిపినే ఐపీఏ అంటారు. గులాబీకి ‘గుల్’ అని రాసుకున్నాను, బహువచనం ‘గుల్లెర్’. పక్షికి ‘కుష్’, బహువచనం ‘కుష్లార్’. రెండిట్లోనూ ఉ యే, ఒకదానికి లెర్, ఇంకోదానికి లార్! పన్నుకి ‘దిష్’, ‘దిష్లెర్’. అమ్మాయికి ‘కిజ్’, ‘కిజ్లార్’. ఇక్కడా అదే గోల. రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి “నియమం లేదు, మినహాయింపులు ఎక్కువ” అని రాసి పంపాను.

“మినహాయింపులు నీ రాతలో ఉన్నాయి, టర్కిష్‌లో కాదు” అంది అక్క.

టర్కిష్‌లో ఎనిమిది అచ్చులు. గులాబీలో ఉన్నది మన ఉ కాదు. నాలుకని ఇ కి పెట్టినట్టే ముందుకి పెట్టి, పెదవులు మాత్రం ఉ కి చుట్టినట్టు చుడితే వచ్చే ధ్వని. అమ్మాయిలో ఉన్నది మన ఇ కాదు. పెదవులు చుట్టకుండా నాలుకని వెనక్కి లాగి పలికే అచ్చు. తెలుగులో వాటికి అక్షరం లేదు కాబట్టి నేను దగ్గరున్న అక్షరంలో కుక్కేశాను. కుక్కిన చోటే నియమం చచ్చిపోయింది. అసలు నియమం ఎంతో తేలిక: మాటలో చివరి అచ్చు నాలుక ముందు భాగంతో పలికేదైతే లెర్, వెనక భాగంతో పలికేదైతే లార్. ఆ రోజే ఐపీఏ పట్టికని ప్రింట్ తీసి గోడకి అంటించాను. అచ్చుల బొమ్మ చూసి నోట్లో నాలుకని అటూ ఇటూ జరుపుకుంటూ ఉంటే ఇంట్లోవాళ్ళు విచిత్రంగా చూసేవారు. చూడనీ.

అచ్చులు ఒకదాన్ని చూసి ఒకటి మారడం గురించి ఇంత దూరం వెళ్ళి నేర్చుకున్నాక, అక్క ఒక ఆదివారం ఈ లెక్క పంపింది:

అడుగు, అడిగి, అడగను.
పెరుగు, పెరిగి, పెరగను.
కదులు, కదిలి, కదలను.
చదువు, చదివి, చదవను.

“ఈ భాషలో రెండో అచ్చు గురించి ఏం చెప్పగలవు?” అని కింద ప్రశ్న. భాష పేరు కావాలనే రాయలేదు. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న మాటలివి. రెండో అచ్చు తన తర్వాత వచ్చే అచ్చుని చూసి దానిలా మారిపోతోంది. వెనక ఉ ఉంటే ఉ, ఇ ఉంటే ఇ, అ ఉంటే అ. ఎవరూ నాకు నేర్పలేదు, బడిలో చెప్పిన గుర్తు కూడా లేదు. అయినా జీవితంలో ఒక్కసారి కూడా ‘అడుగి’ అని ఉండను.

వెంటనే ఇంకో గుంపు నేనే తయారు చేసుకున్నాను. కత్తి, కత్తులు. బల్లి, బల్లులు. మనిషి, మనుషులు. మరిది, మరుదులు. ‘లు’ చేరగానే దాని ముందున్న ఇ, ఉ అవుతోంది. మనిషిలో అయితే రెండు ఇ లూ వరసగా మారాయి. అయితే పిల్లి? ‘పుల్లులు’ అనం, పిల్లులు అంటాం. మొదటి అచ్చు కదలదు. కత్తులు, బల్లుల్లో మొదటిది అ కాబట్టి ఈ సంగతి అక్కడ కనిపించలేదు. పిల్లిని పట్టిక కింద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. లెక్కలు చేయడం మొదలుపెట్టాక నాకు దక్కిన మొదటి సొంత ఆస్తి ఆ పిల్లి. నియమం రాశాక దాన్ని పడగొట్టే మాట కోసం వెతకడం అప్పుడే అలవాటైంది. అంతకుముందు నియమానికి సరిపోయే మాటలే వెతికేవాణ్ణి.

జర్మన్ లెక్క గురించి ఎక్కువ చెప్పను, అందరూ చేసేదే. చక్రాన్నీ సలహానీ వాళ్ళు ఒకేలా ‘రాట్’ అంటారు. షష్ఠీ విభక్తి చేరిస్తే చక్రం ‘రాడెస్’ అవుతుంది, సలహా ‘రాటెస్’ అవుతుంది. నేను ‘అచ్చుల మధ్య ట, డ గా మారుతుంది’ అని రాశాను. అలా అయితే సలహా కూడా మారాలి కదా. అసలు దారి వెనక నుంచి ఉంది: చక్రంలో మొదటి నుంచీ ఉన్నది డ యే, మాట చివర పడ్డప్పుడు నాదం, అంటే గొంతులోని కంపనం, పోయి ట లా వినిపిస్తోంది. విడిగా ఉన్న రూపమే అసలు రూపం అనుకోవడం నా పొరపాటు. అక్క దీనికి తెలుగు ఉదాహరణ ఇవ్వమంది. మొదటి రోజు నేను గొప్పగా చెప్పిన జంటే పనికొచ్చింది. వేలు బహువచనం వేళ్ళు. వేరు బహువచనం? వేర్లు అనేవాళ్ళున్నారు, కానీ నేను వేళ్ళు అనే అంటాను. ‘వేళ్ళు’ అని విడిగా వింటే చెట్టువో చేతివో చెప్పలేం. ర, ల తేడా అంత గట్టిదని వాదించానా, ళ్ళ లో పడి మాయమైపోయింది.

నన్ను బాగా ఏడిపించింది లార్డిల్. ఆస్ట్రేలియా ఉత్తరాన మార్నింగ్టన్ దీవిలోని మూలవాసుల భాష. భాషావేత్త కెన్నెత్ హేల్ దాని మీద చేసిన పని వల్ల ఆ మాటలు ఫోనాలజీ పాఠాల్లో స్థిరపడిపోయాయి. చెక్క గొడ్డలికి వాళ్ళ మాట ‘ముంకుము’. కర్మగా వాడితే ‘ముంకుముంకున్’. చివర చేరింది ‘న్’ ఒక్కటే. మరి మధ్యలో ఆ ‘ంకు’ ఎక్కడి నుంచి ఊడిపడింది?

జర్మన్ నేర్పిన బుద్ధితో అసలు రూపం ‘ముంకుముంకు’ అని పట్టుకున్నాను. అక్కడిదాకా బాగుంది. దాన్నుంచి ‘ముంకుము’ రావాలంటే చివర మూడు ధ్వనులు రాలిపోవాలి. ‘చివరి మూడు ధ్వనులు పోతాయి’ అని రాస్తే అక్క దగ్గర తిట్లే. వేరే మాటల్లో ఒక్క అచ్చే పోతోంది. మూడు రాత్రులు. కాగితం నిండా బాణాలు. మూడో రాత్రి ఒక్కో ధ్వనినీ ఒక్కో కారణంతో తీసి చూశాను. పొడుగు మాటల్లో చివరి అచ్చు పోతుంది: ‘ముంకుముంక్’. మాట చివర రెండు హల్లులు నిలవవు, కాబట్టి క పోతుంది: ‘ముంకుముఙ్’. మాట చివర నాలుక కొనతో పలికే హల్లులే ఉండగలవు, ఙ అలాంటిది కాదు, అదీ పోతుంది: ‘ముంకుము’. ఒకదాని తర్వాత ఒకటి, మెట్లు దిగినట్టు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ తర్వాతి ప్రశ్న. ఇప్పుడు మాట మళ్ళీ అచ్చుతో ముగిసింది కదా. మొదటి నియమం మళ్ళీ వచ్చి ఆ ఉ ని కూడా ఎందుకు తినెయ్యలేదు? ఎందుకంటే దాని వంతు అయిపోయింది. నియమాలకి వరస ఉంది, వరస దాటాక వెనక్కి రావడానికి లేదు. ప్రోగ్రామింగ్ చేసే నాకు ఇది కొత్త కాకూడదు. కానీ మనుషుల నోట్లో కూడా ఇలాంటి వరస ఉంటుందన్న సంగతి, అదీ ఒక గొడ్డలి మాటలో, ఊహించలేదు. అన్ని సిద్ధాంతాలూ దీన్ని ఇలాగే వివరించవని, వరసలు లేకుండా చెప్పే పద్ధతులు కూడా ఉన్నాయని అక్క అంది. అవి ఇంకా చదవలేదు. నాకు మెట్లే బాగున్నాయి.

నియమాలు రాసే పద్ధతి గురించి ఒక మాట. భాషావేత్తలు చోమ్‌స్కీ, హలే 1968లో ఇంగ్లీష్ ధ్వనుల మీద తెచ్చిన పుస్తకం తర్వాత ఒక రాత పద్ధతి స్థిరపడింది. ఏది, ఏదిగా, ఎక్కడ: ఈ మూడూ ఒకే వరసలో. ‘ఎక్కడ’ అనే చోట ఒక చిన్న అడ్డగీత ఉంటుంది, మారే ధ్వని నిలబడే చోటు అది. మొదట్లో ఆ గీత ఎటు పెట్టాలో తెలియక పదే పదే తారుమారు చేసేవాణ్ణి. ఒకరోజు అక్క విసుగెత్తి, “యణాదేశ సంధి చెప్పు” అంది.

“ఇ, ఉ, ఋ లకు అసవర్ణాచ్చులు పరమైతే క్రమంగా య, వ, ర లు ఆదేశంగా వస్తాయి. అతి అంత అత్యంత, సు ఆగతం స్వాగతం.” మార్కుల కోసం పట్టిన బట్టీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక్క అక్షరం పోలేదు.

“ఏది మారింది? దేనిగా మారింది? ఎక్కడ మారింది?”

నోట మాట రాలేదు. ‘ఇకో యణచి’ అని పాణిని మూడు మాటల్లో చెప్పింది ఇదే. ఇక్ (ఇ, ఉ, ఋ వంటివి) స్థానంలో, యణ్ (య, వ, ర వంటివి), అచ్చు పరమైనప్పుడు. మూడు మాటలకి మూడు విభక్తులు. షష్ఠి ఉంటే మారేది, ప్రథమ ఉంటే వచ్చేది, సప్తమి ఉంటే తర్వాత ఉండేది. అడ్డగీత అవసరమే లేదు. బడిలో సంధి అంటే రెండు మాటల్ని కలపడం అనే అనుకున్నాను. అది కూడా ఫోనాలజీ లెక్కేనని, పైగా జవాబుతో సహా నా దగ్గరే ఉందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ పరీక్షల టెన్షన్ కొంతైనా తగ్గేది. ఆ వారమంతా పాత సంధులన్నీ తీసి గీతల భాషలో రాసుకున్నాను. సరళాదేశం ఒక్క వరసలో ఒదిగింది: పరుషాలు సరళాలవుతాయి, నాదం చేరుతుంది, అంతే. గసడదవాదేశం ఒదగలేదు. క, ట, త లు గ, డ, ద లు అయ్యాయి సరే, చ ఎందుకు జ కాకుండా స అయింది, ప ఎందుకు బ కాకుండా వ అయింది? మూడు రకాలుగా రాసి మూడూ కొట్టేశాను.

నాలుగు నెలలయ్యాక మళ్ళీ ‘చ’ దగ్గరికి వచ్చాను. ఈసారి నిలువు గీతతో. చలి, చదువు, చుట్టం, చూపు, చొరవ, చోటు ఒక పక్క. చిలుక, చీమ, చెట్టు, చేయి ఇంకో పక్క. కొరియన్ లెక్కంత శుభ్రంగా విడిపోయాయి: ఇ, ఎ ల ముందు తాలవ్యం, మిగతా అచ్చుల ముందు దంత్యం. మొదటి వారం తల పట్టుకున్నది దీనికేనా అనిపించింది. అలవాటు ప్రకారం పడగొట్టే మాట కోసం వెతికాను. ‘వచ్చు’ దంత్యం, ‘వచ్చింది’ తాలవ్యం, సరిపోయింది. ‘వచ్చాడు’? తాలవ్యం! రాసింది ఆ, పలికేది తాలవ్యం. నియమం పోయిందనుకున్నాను. అప్పుడు టర్కిష్ గులాబీ గుర్తొచ్చింది. అద్దం తీసుకుని ‘పాట’, ‘వచ్చాడు’ పక్కపక్కన పలికాను. రెండూ ఒకే ఆ కాదు. వచ్చాడులో నోరు పక్కలకి సాగుతోంది, నాలుక ముందుకొస్తోంది, ‘వచ్చినాడు’లో ఉండే ఇ ఛాయ అందులో ఇంకా మిగిలినట్టు. ముందు అచ్చే, అందుకే తాలవ్యం. మళ్ళీ అక్షరమే బోల్తా కొట్టించింది.

ఇక ‘చక్రం’, ‘చంద్రుడు’, ‘చరిత్ర’. అ ముందు తాలవ్యం. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు. ‘చాక్లెట్’, ‘చార్జ్’ కూడా ఇంతే. ‘చలి’, ‘చలనం’ పక్కపక్కన పెడితే చ తర్వాత రెండిట్లో ఉన్నది అ యే, అయినా చ మారింది. మరి ఇవి రెండు ఫోనీమ్‌లా, ఒకటా?

“అక్కా, దీని జవాబు ఏ పేజీలో ఉంది?”

“జవాబు పేజీ లేదు. ఏదో ఒకటి తేల్చుకో, కారణం మాత్రం రాయి.”

సొంత మాటలకి ఒక నియమం, వచ్చిన మాటలకి జాబితా అని రాశాను. తర్వాత నేను మాట్లాడింది నేనే రికార్డ్ చేసుకుని విన్నాను, పొరపాటున కాదు, పనికోసమే. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ‘చాలా’ దంత్యంతో వచ్చింది. కాగితం చూసి చదివేటప్పుడు అదే ‘చాలా’ చక్రంలో చ తో వచ్చింది. ‘చొక్కా’ కూడా అంతే. ‘జడ’లో జ ని కూడా చ లాగే ఒకే వాక్యంలో రెండు రకాలుగా అన్నాను. వీటిని ఏ పక్క రాయాలో తెలియక పట్టికలో మూడో గడి గీశాను.

నియమాన్నీ జాబితానీ టీమ్‌కి పంపించాను. యంత్రం ఇప్పుడు ‘చలి’ బాగానే అంటోంది. మూడో గడి మాత్రం పంపలేదు, ఇంకా నా నోట్‌బుక్‌లోనే ఉంది. నిన్న అందులో ‘జోడు’ చేరింది.